ఒకటే ఒడ్డు, ఏడాది పొడవునా: విశాఖ తీరంలో రోజూ నడుస్తూ ఫొటోలు తీసుకోవడం ఎలా

విశాఖలో ఉండేవాళ్ల ఫోన్లలో బీచ్ ఫొటోలు వందల్లో ఉంటాయి. తీరా చూస్తే అవి మూడే. కురుసుర సబ్‌మెరైన్ ముందు నిలబడింది ఒకటి, కైలాసగిరి మీద శివపార్వతుల దగ్గర నిలబడింది ఒకటి, తెల్ల మచ్చలా మిగిలిపోయిన సూర్యుడు ఒకటి. చుట్టాలు వచ్చినప్పుడల్లా ఆ మూడే మళ్లీ తీస్తాం. నా ఫోనూ అలాగే ఉండేది. ఇల్లు ఎంవీపీ కాలనీలో, సముద్రం పావుగంట నడక. అయినా ఎవరైనా ఊరి నుంచి వస్తే తప్ప అటు వెళ్లేవాణ్ణి కాదు.

షుగరు అంచుల్లో ఉంది, పొద్దున్నే నడవండి అని డాక్టరు చెప్పాక అటు వెళ్లడం మొదలైంది. పెదజాలారిపేట నుంచి లాసన్స్ బే, అప్పూఘర్, తెన్నేటి పార్కు మీదుగా జోడుగుళ్లపాలెం దాకా ఉన్న మూడు నాలుగు కిలోమీటర్ల ముక్క నాది. కొన్నేళ్లుగా అదే ముక్క. మంచి కెమెరా కొన్నాక కాదు, వెళ్లిన చోటికే మళ్లీ మళ్లీ వెళ్లాక ఫొటోలు బాగుపడ్డాయి. ఆ వెళ్లడం ఎలాగో, ఏ వేళకో, అక్కడ ఏం చూడాలో వరసగా చెబుతాను. కళింగపట్నంలో ఉన్నా, కాకినాడలో ఉన్నా, చీరాల వాడరేవులో ఉన్నా ఇందులో చాలా మటుకు మీకూ పనికొస్తుంది.

1. ముందు మీ ముక్కని ఎంచుకోండి

కెమెరా కొత్తగా పట్టినవాళ్లు చేసే మొదటి తప్పు, ఒకే ఆదివారంలో ఆర్కే బీచ్ నుంచి భీమిలి దాకా చుట్టేయాలనుకోవడం. బండి ఆపడం, రెండు ఫొటోలు, మళ్లీ బండెక్కడం. సాయంత్రానికి ఎండదెబ్బ, పెట్రోలు ఖర్చు, ఎవరి ఫోన్లో చూసినా ఉండే ఫొటోలు. నడిచి వెళ్లగలిగినంత దూరంలోనో, ఒకే బస్సులో దిగిపోగలిగిన చోటో చూసుకోండి. బీచ్ రోడ్డు మీదుగా భీమిలి వెళ్లే 900కె బస్సు ఉన్నాక మన ఊళ్లో బండి లేకపోవడం ఒక సాకే కాదు.

ముక్క ఎంచుకునేటప్పుడు నేను నాలుగు చూస్తాను: పని చేసుకునే మనుషులు, రాళ్లు, కాస్త ఎత్తున్న చోటు, టీ కొట్టు. నా ముక్కలో ఈ నాలుగూ ఉన్నాయి. పెదజాలారిపేటలో పడవలు, వలలు, చేపల బేరాలు. లాసన్స్ బే దగ్గర ఒడ్డు కొద్దిగా లోపలికి వంగుతుంది, ఆ వంపులో నురుగు గీతలు అందంగా పడతాయి. అప్పూఘర్ దగ్గర టీ, టిఫిన్. అక్కణ్ణుంచి కైలాసగిరి కొండ రోడ్డు పక్కకే వచ్చేస్తుంది. తెన్నేటి పార్కు ఎత్తు మీద ఉంటుంది, కింద రాళ్లు. 2020 అక్టోబరులో వాయుగుండం రాత్రి బంగ్లాదేశ్ సరుకు ఓడ కొట్టుకొచ్చి ఇరుక్కుపోయింది ఇక్కడే. ఆ నెలల్లో ఊరు ఊరంతా ఇటు వచ్చి ఆ ఓడ ముందు సెల్ఫీ తీసుకుంది. ఇక జోడుగుళ్లపాలెంలో రాళ్లూ ఇసుకా రెండూ ఉన్నాయి, జనం తక్కువ.

మీ ఒడ్డున రాళ్లు లేకపోతే, మంగినపూడి లాంటి చోట అసలు ఉండవు, వాటి బదులు ఏరు సముద్రంలో కలిసే మొగ కోసం వెతకండి. అదీ రోజుకో రకంగా ఉంటుంది.

2. గడియారం పక్కన పంచాంగం పెట్టుకోండి

మనది తూర్పు తీరం. సూర్యుడు నీళ్లలోంచి లేస్తాడు, కొండల వెనక్కి దిగుతాడు. విశాఖలో జూన్ మొదట్లో 5:20 దాటగానే తెల్లారిపోతుంది. జనవరి మధ్యలో 6:30 అవుతుంది. అంటే గంటకి పైగా తేడా. వేసవిలో ఆరింటికి వెళ్లి "ఈరోజు వెలుతురు బాలేదు" అనుకునేవాళ్లని చాలామందిని చూశాను. వెలుతురు బాగానే ఉంది, వాళ్లే ఆలస్యంగా వచ్చారు.

ఇంకో సంగతి చాలామంది పట్టించుకోరు. మన ఒడ్డు సూటిగా తూర్పుకి చూడదు, ఆగ్నేయానికి చూస్తుంది. ఆంధ్ర మ్యాపు ఒకసారి గుర్తు చేసుకోండి, తీరం ఏటవాలుగా పైకి పోతుంది కదా. అందువల్ల డిసెంబరులో సముద్రానికి ఎదురుగా నిలబడితే సూర్యుడు దాదాపు ముక్కుసూటిగా లేస్తాడు. జూన్‌లో బాగా ఎడమకి, రుషికొండ వైపుకి జరిగిపోతాడు. దీన్నిబట్టి ఫొటో మారుతుంది. డిసెంబరులో వేటకి వెళ్లే పడవ సూర్యుడికి అడ్డంగా వచ్చి నల్లగా, గీసినట్టు పడుతుంది. జూన్‌లో ఒడ్డు వెంబడి ఉత్తరంగా చూస్తూ తీయాలి. అప్పుడు నురుగు అంచులు ఒక్కొక్కటే వెలుగుతూ మీ కాళ్ల దాకా వస్తాయి.

ఇక పోటు, పాటు. రోజుకి రెండుసార్లు నీళ్లు ఎక్కుతాయి, రెండుసార్లు దిగుతాయి. ఆ వేళ రోజుకి సుమారు 50 నిమిషాలు ఆలస్యమవుతూ పోతుంది. అమావాస్యకీ పున్నమికీ ఎక్కువ ఎక్కి ఎక్కువ దిగుతాయి. విశాఖలో ఆ రోజుల్లో తేడా దాదాపు మీటరున్నర ఉంటుంది. అంతకన్నా చాలా ఎక్కువ తేడా చూసే గుజరాత్ తీరం వాళ్లు వింటే నవ్వుతారేమో కానీ మనకి ఆ మీటరున్నరే చాలు. పాటు వేళ తడి ఇసుక అద్దంలా పరుచుకుంటుంది, ఆకాశం మొత్తం అందులో దిగుతుంది. రాళ్ల గుంటలు బయటపడతాయి. పోటు వేళ అదే చోట నిలబడ్డానికి కూడా జాగా ఉండదు. క్యాలెండరులో తిథి చూసుకోండి, ఫోన్లో పోటుపాట్ల వేళలు చూపించే యాప్ ఒకటి పెట్టుకోండి. సూర్యోదయం, పాటు రెండూ కలిసిన పొద్దులు నెలకి కొన్నే వస్తాయి. వాటిని ముందే గుర్తు పెట్టుకుని ఆ రోజు పెళ్లిళ్లు ఒప్పుకోకండి.

నెలల విషయానికొస్తే, కార్తీకం చివర నుంచి శివరాత్రి దాకా నడవడానికి సుఖం. కానీ ఫొటోకి నాకు ఇష్టమైనవి జులై, ఆగస్టు. మబ్బు లేని ఆకాశం ఫొటోకి దండగ. వాన వెలిసిన సాయంత్రం మబ్బుల కింది అంచు రంగెక్కితే ఆరోజు ఏం తీసినా బావుంటుంది. అక్టోబరు, నవంబరు తుఫానుల నెలలు. పోర్టులో మూడో నంబరు ప్రమాద హెచ్చరిక ఎగరేశారని టీవీలో వచ్చిందంటే ఆ రోజు బాల్కనీలోంచి వాన ఫొటోలు తీసుకోండి, చాలు.

3. సంచిలో ఏం ఉండాలి

అన్నిటికంటే ముందు సంచిలో పెట్టేది కాని జాగ్రత్త ఒకటి చెబుతాను. ఏసీ గదిలో పడుకుని, తలగడ పక్కన పెట్టుకున్న ఫోన్ పట్టుకుని నేరుగా బీచ్‌కి వెళ్లారనుకోండి, లెన్స్ మీద ఆవిరి పట్టేస్తుంది. మన గాల్లో అంత చెమ్మ. తుడిచిన కొద్దీ మళ్లీ పడుతుంది. మబ్బుల మధ్య ఎర్రటి గీత విచ్చుకుంటున్న ఒక పొద్దున నేను పది నిమిషాలు చొక్కాతో లెన్స్ తుడుస్తూ నిలబడ్డాను. తుడవడం అయ్యేసరికి ఆ గీత లేదు. రాత్రే ఫోన్‌ని హాల్లోనో బాల్కనీ కిటికీ దగ్గరో పెట్టి పడుకోండి. కెమెరా అయితే సంచితో సహా.

మిగతావి మామూలే. పాత పంచె ముక్క ఒకటి, చిన్న సీసాలో మంచినీళ్లు, ఫోన్ పట్టే ప్లాస్టిక్ కవరు, చిల్లర. హవాయి చెప్పులు ఇసుకలో పరవాలేదు, నాచు పట్టిన రాళ్ల మీద మాత్రం కాలు తీసేస్తాయి. వెనక పట్టీ ఉన్నవి వేసుకోండి. ఉత్తికాళ్లతో నడవాలని ముచ్చటగా ఉంటుంది కానీ జాలారిపేట ఇసుకలో గాలాలు, గాజు పెంకులు ఉంటాయి. ట్రైపాడ్ మొదటి ఆరు నెలలు వద్దు. అది ఉంటే దాన్ని చూసుకోవడమే సరిపోతుంది.

4. ఫోన్‌లో మార్చాల్సినవి

కెమెరా సెట్టింగుల్లో గ్రిడ్ గీతలు ఆన్ చేయండి. సముద్రం వాలిపోయిన ఫొటో ఎంత బావున్నా నీళ్లు ఒక పక్కకి ఒలికిపోతున్నట్టే ఉంటుంది. అడ్డగీతని సముద్రపు గీత మీద పెడితే సరి. ఆ గీత ఫొటో మధ్యలో కాకుండా, ఆకాశం బావుంటే కిందికి, ఇసుక బావుంటే పైకి జరపండి.

తర్వాతది వెలుతురు. తెర మీద సూర్యుడి పక్కన వెలుగున్న చోట వేలు పెట్టి నొక్కి పట్టుకుంటే ఫోకస్ లాక్ అవుతుంది. పక్కనే చిన్న సూర్యుడి గుర్తు వస్తుంది, దాన్ని కిందికి లాగండి. కళ్లకి కనిపించేదానికన్నా కాస్త చీకటిగా తీయండి. ఫోన్ తన తెలివితో అంతా వెలిగించేస్తుంది కాబట్టే తెల్లవారుజాము ఫొటో మిట్టమధ్యాహ్నంలా వస్తుంది. ఈ ఒక్కటి అలవాటైతే సగం పని అయిపోయినట్టే. జూమ్ చేయకండి, నడిచి దగ్గరికి వెళ్లండి.

కెమెరా ఉన్నవాళ్లకి షట్టరు వేగంలో రెండు అంకెలు చాలు. రాయికి కొట్టుకుని లేచిన అల చుక్కలు చుక్కలుగా ఆగాలంటే 1/1000 సెకను. వెనక్కి జారే నీళ్లు పాలలా పాకాలంటే 1/8 నుంచి 1/2 దాకా, తెల్లారకముందే. మధ్యలో 1/60 లాంటివి అటూ ఇటూ కాకుండా పోతాయి.

5. తెల్లవారుజాము, నిమిషాల లెక్కన

సూర్యోదయం కంటే 35 నిమిషాలు ముందు ఇసుక మీద ఉండండి. మొదటి ఐదు నిమిషాలు ఫోన్ తీయకండి. అలలు ఎంతదాకా వస్తున్నాయి, పడవలు ఎక్కడున్నాయి, మబ్బు ఏ మూలన ఉంది, అంతవరకే చూడండి.

అసలు రంగులు 25 నిమిషాల ముందు మొదలై, పది నిమిషాల ముందు దాకా ఉంటాయి. జనం వచ్చేది సరిగ్గా ఆ రంగులు పలచబడ్డాక. ఈ పావుగంటలో నీళ్లు దిగిన తడి ఇసుక మీద బాగా కిందికి వంగి, ఫోన్‌ని తలకిందులుగా పట్టుకుని తీసి చూడండి. లెన్స్ నేలకి అంగుళం దూరంలోకి వస్తుంది, ఆకాశం రెండు వైపులా పడుతుంది. చూసేవాళ్లు విచిత్రంగా చూస్తారు, చూడనివ్వండి.

అంచు కనిపించిన క్షణం నుంచి పూర్తి గుండ్రం నీటిని వదిలేదాకా పట్టేది రెండు నిమిషాల పైచిలుకు. ఆ రెండు నిమిషాల్లో ఒకే ఫ్రేమ్‌లో నలభై తీయడం కన్నా రెండు మూడు చోట్లకి మారండి. ఒకటి సూర్యుడితో, ఒకటి సూర్యుడికి అడ్డంగా ఎవరైనా నడిచి వెళ్లేలా, ఒకటి పూర్తిగా వెనక్కి తిరిగి. మూడోది ఎవరూ తీయరు. ఆ వెలుగు ఎవరి ముఖాల మీద పడుతోందో చూడండి. బీచ్ రోడ్డు గోడ మీద కూర్చున్న ముసలాయన, ప్రాణాయామం చేస్తున్న వాకర్సు, కైలాసగిరి బండలు, అన్నీ ఆ పది నిమిషాలు పసుపు రాసుకున్నట్టు ఉంటాయి. నా దగ్గర మిగిలిన మంచి ఫొటోల్లో ఎక్కువ భాగం సముద్రానికి వీపు పెట్టి తీసినవే.

ఎండెక్కాక, ఏడున్నర దాటితే, అప్పూఘర్ వైపు టీకి వెళ్లిపోండి. ఆ తర్వాత వెలుతురు మొహం మీద కొట్టినట్టే ఉంటుంది.

6. జాలారిపేటలోకి ఎలా వెళ్లాలి

ఈ భాగం మిగతావాటికన్నా నిదానంగా చదవండి, ఎందుకంటే ఇది కెమెరా సంగతి కాదు.

రాత్రి వేటకి వెళ్లిన పడవలు పొద్దున తిరిగొస్తాయి. పడవని ఇసుక మీదకి లాగడానికి పది చేతులు కావాలి. వలలోంచి చేపలు విడదీయడం, రకాలుగా వేరు చేయడం, వేలం పాట పెట్టడం, గంపలకి ఎత్తుకోవడం అంతా గంటలో జరిగిపోతుంది. వంజరం, చందువలు దొరికితే మొహాలు ఒకలా ఉంటాయి, ఖాళీ వలైతే ఇంకోలా. ఖాళీ వల పొద్దున కెమెరా పైకి ఎత్తకండి. డీజిలు డబ్బులు కూడా రాని మనిషి ముందు నిలబడి ఫొటో తీయడం బావుండదు.

మొదట్లో నేను దూరం నుంచి జూమ్ పెట్టి తీసేవాణ్ణి, అదే మర్యాద అనుకుని. ఒకరోజు ఇసుక మీద పాత వల పరిచి నెత్తళ్లు ఎండబెడుతున్న ఒక మామ్మని అలాగే తీస్తుంటే ఆవిడ తల ఎత్తకుండానే అంది, "ఏటి బాబూ, దొంగలాగ తీత్తన్నావు? దగ్గరికొచ్చి తియ్యి." సిగ్గుపడుతూ వెళ్లాను. పక్కనే గొంతుక్కూర్చోమంది. అప్పుడు కనిపించింది అసలు ఫొటో. ఆవిడ అరచేయి నెత్తళ్ల మీద గుండ్రంగా తిరుగుతోంది, చీపురుతో ముగ్గు చెరిపినంత తేలిగ్గా. వేలి కణుపుల మీద పొలుసులు వెండి రేకుల్లా అంటుకుని మెరుస్తున్నాయి, ముంజేతి గాజులు పైకి ఎగదోసి ఉన్నాయి. దూరం నుంచి తీసిన దాంట్లో అదంతా ఒక నల్లటి చుక్క.

వారం తర్వాత స్టూడియోలో ప్రింటు వేయించి తీసుకెళ్లాను. చూసుకుని, తిప్పి చూసి, "నానొక్కదాన్నేనేటి? మా కోడలేది?" అంది. ఆ మరుసటి ఆదివారం కోడలు, ఇద్దరు గుంటలు, పడవ, అందరూ వరసలో నిలబడి తయారు. ఆ ఫొటో ఏ పోటీకీ పనికిరాదు. కానీ అది వాళ్లింటి గోడ మీద ఉంది, ఆ తర్వాత నన్ను ఆ వీధిలో ఎవరూ ఎందుకొచ్చావని అడగలేదు.

కాబట్టి ఇలా చేయండి. మొదటి రెండు మూడు రోజులు ఫోన్ జేబులోనే ఉండనివ్వండి. పలకరించండి, వయసుని బట్టి మామ్మా, అప్పా, బాబాయి అనండి. అవసరమైన చేపలు అక్కడే కొనండి. అడగడం కోసం ధర అడగకండి, వాళ్లకి వెంటనే తెలిసిపోతుంది. పరిచిన వలల మీద చెప్పులతో నడవకండి. అవి దాటకుండా చుట్టూ తిరిగి వెళ్లండి. అలివి వల లాగుతున్నప్పుడు, అంటే రెండు జట్లు ఒడ్డు మీద నిలబడి పెద్ద వలని తాళ్లతో లాక్కొస్తున్నప్పుడు, తాడుకి అడ్డం వెళ్లొద్దు. వీలైతే ఓ చెయ్యి వేయండి. ఆ బరువు భుజానికి తెలిశాక మీరు ఫొటో తీసే కోణమే మారిపోతుంది. పిల్లల ఫొటోలు పెద్దవాళ్లని అడక్కుండా తీయకండి, తీసినా ఊరందరికీ కనిపించే చోట పెట్టకండి. ప్రింటు ఇస్తానంటే ఇచ్చి తీరండి. "పంపుతా" అని మాయమైనవాళ్ల లెక్క వాళ్ల దగ్గర ఉంది.

7. రాళ్ల గుంటలు, తాబేళ్లు

పాటు పూర్తిగా దిగే వేళకి గంట ముందు జోడుగుళ్లపాలెం రాళ్ల దగ్గరికి చేరండి. నీళ్లు వెళ్లిపోతూ రాళ్ల మధ్య గుంటల్లో కొంచెం వదిలేస్తాయి. పైకి చూస్తే ఏమీ ఉండదు. గుంట పక్కన కూర్చుని రెండు నిమిషాలు కదలకండి. ముందు ఒక శంఖు తనంతట తాను నడుస్తుంది, అంటే లోపల సన్యాసి పీత ఉందన్నమాట. తర్వాత బండ చీలికలోంచి మామూలు పీత కళ్లు పైకి పెడుతుంది. పువ్వులా విచ్చుకుని ఉన్నవి పువ్వులు కావు, సముద్రపు అనిమోన్లు అనే ప్రాణులు. వేలు పెడితే ముడుచుకుపోతాయి, పెట్టకండి.

నీటి మీద ఆకాశపు మెరుపు అడ్డొస్తుంది. నల్ల గొడుగు నీడ పట్టండి, లేకపోతే పోలరైజ్డ్ చలవ కళ్లద్దాలుంటే ఒక అద్దాన్ని ఫోన్ లెన్స్ ముందు పెట్టి మెల్లగా తిప్పండి. ఒక కోణంలో మెరుపు తెర తీసినట్టు పోతుంది, అడుగు కనిపిస్తుంది. ఏ రాయినైనా ఎత్తితే మళ్లీ అదే తీరుగా, అదే చోట పెట్టండి. దాని కింద ఎవరిదో కాపురం ఉంటుంది.

చలికాలం నుంచి వేసవి మొదలయ్యేదాకా ఆలివ్ రిడ్లే తాబేళ్లు మన ఒడ్డున గుడ్లు పెడతాయి. అటవీ శాఖ వాళ్లు గుడ్లని సేకరించి, కంచె వేసిన చోట పొదిగేలా చూసి, పిల్లల్ని సముద్రంలోకి వదులుతారు. చూడగలిగితే తప్పకుండా చూడండి. కానీ ఫ్లాష్ వద్దు, టార్చి అసలు వద్దు. వెలుతురు కనబడితే అవి సముద్రం అనుకుని అటే నడుస్తాయి. వాటి దారికి ఎదురుగా నిలబడకండి, చేత్తో ఎత్తి ఫొటో దిగకండి. 1972 నాటి వన్యప్రాణి చట్టంలో పులికి ఎంత రక్షణ ఉందో వీటికీ అంతే ఉంది.

8. సాయంత్రం తూర్పుకే చూడండి

సూర్యాస్తమయం కోసం మన బీచ్‌కి వచ్చేవాళ్లు నిరాశపడతారు. సూర్యుడు కొండల వెనక ఎప్పుడో దిగిపోతాడు. నవంబరు చివరలో అయితే 5:20కే అంతా అయిపోతుంది. కానీ ఆ తర్వాత పదిహేను ఇరవై నిమిషాలు సముద్రం మీద ఆకాశం చూడండి. నీటి గీత మీద నీలం బూడిద రంగు పట్టీ ఒకటి, దాని మీద గులాబీ పట్టీ ఒకటి వస్తాయి. ఆ కింది పట్టీ మబ్బు కాదు, భూమి నీడ. మనం నిలబడ్డ నేల నీడే గాలి మీద పడి పైకి లేస్తోంది. పశ్చిమ తీరం వాళ్లకి ఇది సముద్రం మీద సాయంత్రం కనిపించదు, మనకే.

లంగరు వేసి ఉన్న ఓడల్లో దీపాలు వెలిగేది కూడా అప్పుడే. తెన్నేటి పార్కు గోడ మీద మోచేతులు ఆనించి, ఊపిరి బిగబట్టి తీస్తే ట్రైపాడ్ లేకుండానే వస్తుంది. పున్నమి నాడు చంద్రుడు సరిగ్గా ఈ వేళకే నీళ్లలోంచి లేస్తాడు. మరునాటికి ముప్పావుగంట పైన ఆలస్యమై, చుట్టూ చీకటి పడిపోతుంది. చంద్రుడి మీద వేలు నొక్కి వెలుతురు బాగా తగ్గించండి, లేకపోతే వీధిదీపంలా వస్తాడు. కార్తీక పున్నమికి ఒడ్డున దీపాలు వదులుతారు, ఆ ఒక్క సాయంత్రానికి మాత్రం జనాన్ని క్షమించి వెళ్లండి.

పూర్తిగా చీకటి పడ్డాక ముంత మసాలా బండి దగ్గర ఆగండి. బల్బు ఒకటే, కింద ఉల్లిపాయలు తరిగే చేతులు. ఫొటో తీశాక కారం ఎక్కువ వేయించుకుని తినండి.

9. తీయకూడనివి

ఇది తూర్పు నౌకాదళం ఊరు. "ఫొటోగ్రఫీ నిషేధం" బోర్డు ఉన్నచోట, నేవీ గోడల దగ్గర, డాల్ఫిన్స్ నోస్ వైపు రక్షణ స్థలాల దగ్గర ఫోన్ జేబులో ఉండాలి. వాదించే పని లేదు. డ్రోన్ మాటే ఎత్తకండి. 2021 డ్రోన్ నిబంధనల ప్రకారం రెడ్ జోన్‌లో, అంటే డ్రోన్లకి నిషేధించిన ప్రాంతంలో, అనుమతి లేకుండా ఏదీ ఎగరేయకూడదు, చిన్న బొమ్మ డ్రోనైనా సరే. స్నానాలు చేస్తున్న ఆడవాళ్లనీ, రాళ్ల చాటున కూర్చున్న జంటలనీ తీయకూడదని వేరే చెప్పాలా? చెప్పాల్సే వస్తోంది.

10. నీళ్లతో జాగ్రత్త

మన ఒడ్డున ప్రాణాలు తీసేది పెద్ద అల కాదు, లాగుడు. ఒడ్డుకొచ్చిన నీళ్లన్నీ ఒక సందులోంచి జోరుగా వెనక్కి పోతుంటాయి. పైనుంచి చూస్తే ఆ సందులో అలలు విరగవు, నీళ్లు ముదురు రంగులో ఉంటాయి. ఫొటోకి ప్రశాంతంగా కనిపించి అక్కడే దిగుతారు. రోడ్డు మీద నుంచి ఐదు నిమిషాలు చూస్తే ఆ సందు ఎక్కడుందో తెలుస్తుంది. ఇరుక్కుంటే ఒడ్డు వైపు ఈదకూడదు, ఒడ్డుకి సమాంతరంగా పక్కకి ఈదాలి. హైదరాబాద్‌లో ఉన్న ఇన్‌కాయిస్ అనే సముద్ర సమాచార సంస్థ ఎత్తయిన అలల హెచ్చరికలు ఇస్తుంది, వెళ్లేముందు ఒకసారి చూసుకోండి.

రాళ్ల మీద ఉన్నప్పుడు సముద్రానికి వీపు పెట్టకండి. పైన ఐదో మెట్టులో వెనక్కి తిరగమన్నది ఇసుక మీద ఉన్నప్పుడే. పది అలలు చిన్నవి వచ్చి పదకొండోది మోకాలి దాకా వస్తుంది. నాకు ఆ పదకొండోది ఎడమ చెప్పు తీసుకుపోయి, మోచిప్ప మీద మచ్చ ఒకటి ఇచ్చింది.

11. ఇంటికొచ్చాక

ఫోన్‌ని పొడిగుడ్డతో రుద్దకండి. లెన్స్ మీద ఉప్పు, సన్నటి ఇసుక ఉంటాయి, అవి గీతలు పెడతాయి. పంచె ముక్కని మంచినీళ్లతో తడిపి, పిండి, అద్ది తుడవండి, తర్వాత పొడిగుడ్డ. నీళ్లలో పడినా ఏం కాదని పెట్టె మీద రాసే రేటింగులు మంచినీళ్లతో పరీక్షించినవి. ఉప్పునీటి మాట వేరు. ఒక సర్వీస్ సెంటరులో ఈ తేడా నాకు బిల్లుతో సహా వివరించారు.

ఆ రాత్రే చూసి, మూడు ఉంచి మిగతావి తీసేయండి. మూడు ఎక్కువ కూడా. ఉంచిన వాటికి తేదీ, చోటు, పోటా పాటా అన్నది రాసుకోండి.

ఇంకొక్కటి చేయండి. మీ ముక్కలో ఒక చోటు ఖాయం చేసుకుని, వెళ్లిన ప్రతిసారీ అక్కడి నుంచి అదే ఫ్రేమ్‌లో ఒక ఫొటో తీయండి. బావుందా లేదా అని చూడొద్దు. నేను జోడుగుళ్లపాలెం దగ్గర ఒక స్తంభానికి భుజం ఆనించి తీస్తాను. ఏడాది ఫొటోలు వరసగా పెట్టి చూస్తే ఒడ్డు ఊపిరి తీస్తున్నట్టు ఉంటుంది. ఒక నెలలో ఇసుకలో నడుం దాకా పూడిపోయిన బండ, ఇంకో నెలలో పాదాలతో సహా బయటికొస్తుంది. రోజూ వెళ్లినా కంటికి తెలియనిది అందులో తెలిసింది.

ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 దాకా, 61 రోజులు, మోటారు పడవలకి వేట నిషేధం. చేపలు గుడ్లు పెట్టే కాలం. ఈ రెండు నెలలూ పడవలు ఒడ్డు మీదే బోర్లా పడుకుని ఉంటాయి. రంగులు వేస్తారు, వలలు అల్లుతారు, నీడన కూర్చుని కబుర్లు చెబుతారు. మనుషుల్ని తీరిగ్గా తీయడానికి ఇంతకన్నా మంచి కాలం లేదు, తాటిముంజలు అదనం. కిందటేడు మే నెలలో నెత్తళ్ల మామ్మ నన్ను చూసి, "ఏట లేదు, ఏటి తీత్తావు? మళ్లీ ఎల్లిన రోజు రా, సీకటితోనే" అంది.

అందుకని జూన్ 14 రాత్రి ఫోన్ హాల్లో పెట్టి, అలారం మూడున్నరకి పెట్టుకోండి.